చేతికిచ్చిన చాకు

అనగనగా, గోదారి అవతల కొండల మధ్య, వెదుళ్ళపాడని ఒక ఊళ్ళో నూకాలనే పిల్ల ఉండేది. ఆ పిల్లకి అమ్మా లేదు, నాన్నా లేడు. ఉన్నదల్లా ఒక్క మేనత్త. మేనత్తంటే తెలుసుగా, నాన్నకి అక్క. ఆవిడ పేరు అప్పాయమ్మ. కాళ్ళు ముడుచుకో, దుప్పటి కప్పుతాను. ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే నేను చెప్పను.

అప్పాయమ్మ కొండకెళ్ళి అడ్డాకులు కోసుకొచ్చేది. అడ్డాకులంటే చెట్ల మీదికి పాకే తీగ ఆకులు, విస్తళ్ళు కుడతారు చూడు, అవి. నూకాలు ఇంట్లో కూర్చుని వాటిని పుల్లలతో కుట్టేది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఒకరంటే ఒకరికి ప్రాణం.

అప్పాయమ్మకి ఒక పట్టింపు ఉండేది. కత్తి గానీ, కత్తెర గానీ, ఆఖరికి సూది గానీ మనిషి చేతికి ఇచ్చేది కాదు. కింద పెట్టేది. అవతలివాళ్ళు కిందనించి తీసుకోవాలి. మన ఇళ్ళల్లోనూ అంటాం కదా, చేతికిస్తే పోట్లాటలొస్తాయని. మనం అనేసి ఊరుకుంటాం, మర్చిపోయినప్పుడు ఇచ్చేస్తాం కూడా. అప్పాయమ్మ మర్చిపోయేది కాదు. ఊళ్ళోవాళ్ళు ఆవిడకి ‘కిందపెట్టే అత్త’ అని పేరు పెట్టేశారు.

అంత పట్టింపు ఎందుకంటావా? ఒకప్పుడు ఎవరిదో పెళ్ళి వంటల హడావిడిలో, అప్పాయమ్మ తన చేతిలో కత్తిని తమ్ముడి పెళ్ళాం చేతిలో పెట్టేసింది. ఆ సాయంత్రమే ఇద్దరికీ ఏదో చిన్న మాటొచ్చింది. గుమ్మడికాయ ముక్కలు పెద్దవయ్యాయనో, చిన్నవయ్యాయనో. మాటా మాటా పెరిగింది. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ ఏడాదిలోనే ఆ మరదలు జ్వరం తగిలి పోయింది. మాట్లాడుకోకుండానే పోయింది, పాపం. ఆవిడే నూకాలు తల్లి.

తమ్ముడు అంతకు ముందే పోయాడు. అప్పుడు అప్పాయమ్మ పసిపిల్లని ఎత్తుకుని తనింటికి తెచ్చుకుంది. “నీతో మాత్రం మాట తేడా రానివ్వనే” అంది ఆ చంటిదానితో.

అప్పట్నించీ ఆ ఇంట్లో పోట్లాటే లేదు. నూకాలు అన్నం మాడిస్తే అత్త “కమ్మగా ఉందే” అని తినేసేది. అత్త పులుసులో రెండుసార్లు ఉప్పు వేస్తే నూకాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ “బావుందత్తా” అనేది. నవ్వుతావేంటే? భయం అలాంటిది. ఉన్న ఒక్క మనిషీ ఎక్కడ దూరమైపోతుందోనని ఇద్దరికీ లోపల ఒకటే గుబులు.

అలా ఉండగా నూకాలుకి పద్నాలుగో ఏడు వచ్చింది. “నేనూ కొండకొస్తానత్తా” అంది.

ఆ ఊళ్ళో కొండకెళ్ళే ప్రతి మనిషికీ సొంత కత్తి ఉండాలి. ఊరి చివర కొలిమి ఉంది, అక్కడ మావుళ్ళయ్యని ఒక తాత ఉన్నాడు. మొదటి కత్తికి ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. గోనెపట్టా పరుస్తాడు, దాని మీద మూడు కత్తులు పెడతాడు, ఒకటి ఎంచుకోమంటాడు. నప్పకపోతే తెచ్చి మార్చుకోవచ్చు.

నూకాలు ముందు కూడా మూడు పెట్టాడు. ఒకటి పెద్ద కత్తి, చేయి పొడుగుంది, పిడికి ఇత్తడి కట్లు, కోసే అలుగు తళతళా మెరుస్తోంది. రెండోది మడతచాకు, ఎప్పుడో తీర్థంలో, జాతరలో అన్నమాట, దొరికిందట, కొమ్ముపిడి, తెరిస్తే టక్కున చప్పుడవుతుంది. మూడోది జానెడు లేదు. నల్లగా, కొలిమి మసితో, చూడ్డానికి ఏమీ లేదు.

నూకాలు ఏది తీసుకుని ఉంటుంది? ఆఁ, పెద్దదే. నువ్వైనా అదే తీసుకుంటావు, నాకు తెలుసు.

“వెళ్ళి రా అమ్మాయ్” అన్నాడు తాత.

ఆ కత్తి భుజాన వేసుకుని నూకాలు అత్త వెనకాల కొండెక్కింది. ఒక్క తీగ కొయ్యబోతే నాలుగు తెగి ఆకులన్నీ నలిగిపోయాయి. మధ్యాహ్నం ఆకలేసి అడవిదుంప చెక్కబోతే సగం దుంప తొక్కతో పాటే పోయింది. చెయ్యి లాగేస్తోంటే కత్తిని చెట్టు మొదట్లో ఆనించి, తీగ కోసం పైకెక్కింది. ఎక్కాక చూసుకుంటే కత్తి కిందుంది, తీగ పైనుంది, తను మధ్యలో ఉంది. అత్త అంతా చూసి “బాగానే కోశావే” అంది.

నూకాలుకి సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే పెద్దకత్తి తీసుకెళ్ళి తాత గోనె మీద పెట్టేసింది. మడతచాకు తెచ్చుకుంది.

మడతచాకు తేలికే. రైకలో దోపుకుంటే ఉన్నట్టే తెలీదు. దాంతో దుంపా చక్కగా చెక్కింది, తీగలూ కోసింది. కానీ కోసేకొద్దీ తీగ జిగురు మడతలోకి పోయి బిగుసుకుంది. అప్పుడు నూకాలు గట్టిగా అదిమి కోసింది. అది తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకోలేదు గానీ, మూసుకోకూడనప్పుడు మూసుకుంది. వేలు తెగి రక్తం బొటబొటా కారింది. అత్త పసుపు అద్ది, కొంగు చింపి కట్టు కట్టింది. “పోన్లే, చిన్నదే” అంది. మొహం అటు తిప్పుకుని ఏడ్చింది.

మూడోసారి కొలిమికి వెళ్ళింది నూకాలు. గోనె మీద ఆ నల్లటి చాకు ఒక్కటే ఉంది.

“ఇదా తాతా?” అంది, మొహం చిన్నది చేసుకుని.

“పట్టుకుని చూడమ్మాయ్” అన్నాడు మావుళ్ళయ్య తాత.

పట్టుకుంది. గుప్పిటకి ఇట్టే సరిపోయింది. అప్పుడు తాత దాని సంగతులు చెప్పాడు. “పిడి చివరిదాకా ఇనుమే. పైన కర్ర బిళ్ళలు రెండు బిగించాను. విరగడానికి మధ్యలో అతుకు లేదు. వెన్ను దళసరిగా ఉంచాను. రాయి పెట్టి కొట్టినా ఓర్చుకుంటుంది. చెకుముకి రాయికి గీస్తే నిప్పు రవ్వలు రాలుస్తుంది. పిడికి బెజ్జం పెట్టాను, తాడు కట్టుకో. నడుముకుంటే చెట్టెక్కినా నీతోనే ఎక్కుతుంది.”

“నల్లగా ఉంది తాతా.”

“కొండ మీద నిన్ను చూసేదెవరమ్మా, కోతులా?”

నూకాలు నవ్వేసింది. చాకుని కళ్ళకద్దుకుంది. ఇంటికెళ్ళి వెదురుబొంగుతో ఒర చేసుకుంది, అడ్డతీగ నార పేని తాడు కట్టుకుంది. ఆ రోజునించి ఆ చాకు నడుముని వదల్లేదు.

ఆ తర్వాత ఒకనాడు ఏమయిందంటే, అత్తా మేనకోడలూ కొండ దిగి ఇంటికొస్తున్నారు. ఎండ బాగానే ఉంది. దార్లో ఒక వాగు. పొద్దున దాటినప్పుడు మోకాలి లోతే ఉంది. నూకాలు ఆకులమోపూ, అత్త కొడవలీ తను తీసుకుని ముందు దాటేసింది. వెనకాల అత్త దాటుతోంది.

వాగు మధ్యలో, ఒడ్డుదాకా సాగిన రెండు పెద్ద బండలున్నాయి. వాటి సందులోకి ఏరుమద్ది చెట్టు వేళ్ళు దిగి, నీళ్ళలో ముడిపడి ఉన్నాయి. అప్పాయమ్మ కాలు జారి ఆ వేళ్ళలోకి దిగబడింది. లాగింది, రాలేదు. ఇంకా లాగింది, ఇంకా బిగిసింది.

అంతలో నీళ్ళ రంగు మారింది. పైన ఎక్కడో వాన పడింది. మట్టినీళ్ళు, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. మోకాలి దగ్గరున్న నీళ్ళు నడుం దాకా వచ్చాయి.

నూకాలు మోపు పడేసి బండ మీదికి పరిగెత్తింది. సందులోకి దిగుదామంటే అక్కడ ఒక మనిషే పడుతుంది. బండ మీద బోర్లా పడుకుని చెయ్యి చాపితే అత్త చెయ్యి అందుతోంది, అంతే.

“కొడవలి తేవే! ఈ చెట్టు వేళ్ళు కోసేస్తాను!” అని అరిచింది అత్త.

నూకాలు కొడవలి తెచ్చింది. అప్పుడు ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ చేసిందే చేసింది. కొడవలిని జాగ్రత్తగా బండ అంచున కింద పెట్టింది. “తీసుకో అత్తా” అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పాయమ్మ కూడా ఆ చెయ్యి వెనక్కి వెళ్ళేదాకా ఆగింది. ఆగి, చెయ్యి చాపింది. ఈలోగా ఒక అల వచ్చి బండ మీదినించి పొర్లింది. కొడవలి వాగులో కలిసిపోయింది.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నీళ్ళు అత్త రొమ్ము దాకా వచ్చాయి.

నూకాలు ఒరలోంచి నల్లచాకు తీసింది. కింద పెట్టడానికి కింద అనేదే లేదు. అంతా నీళ్ళే.

“చేతికివ్వవే” అంది అత్త.

నూకాలు చాకుని వెనక్కి లాక్కుంది. “చేతికిస్తే నువ్వూ నేనూ విడిపోతాం అత్తా! అమ్మతో అయినట్టే అవుతుంది!”

“ఓసి పిచ్చిదానా, పోట్లాడాలన్నా నేను బతికుండాలి కదే! ఇటియ్యి!”

నూకాలు కళ్ళు మూసుకుంది. చాకు వెన్ను తను పట్టుకుని, పిడి అత్త వైపు తిప్పి, చేతిలో పెట్టింది. తాడు అత్త మణికట్టుకి తగిలించింది. అత్త రెండో చేతిని మాత్రం వదల్లేదు.

అప్పుడు అప్పాయమ్మ నీళ్ళలో తడుముకుంటూ ఒక వేరు కోసింది. తెగింది. రెండో వేరు కోసింది. చేతిలోంచి చాకు జారింది, తాడుండబట్టి మణికట్టుకి వేలాడింది. మళ్ళీ పట్టుకుని కోసింది, అదీ తెగింది. మూడో వేరు లావుది. నీళ్ళు మెడ దాకా వచ్చాయి. కొయ్యడానికి టైము లేక చాకుని వేరు కిందికి దూర్చి బలమంతా పెట్టి ఎత్తింది. మడతచాకైతే అక్కడికి రెండు ముక్కలయ్యేది. పెద్దకత్తైతే ఆ సందులో దూరేదే కాదు. ఈ నల్లది అలాగే నిలబడింది. వేరు ఫెళ్ళుమని చీలింది.

నూకాలు లాగింది. అత్త బండ మీదికొచ్చి పడింది. ఇద్దరూ పాక్కుంటూ ఒడ్డుకి చేరారు.

అత్తకి వణుకు ఆగట్లేదు. నూకాలు ఎండు వెదురు చెక్కి పొట్టు తీసింది. మోపులో దాచిన బూరుగుదూదీ, చెకుముకి రాయీ తెచ్చి, చాకు వెన్నుతో గీసింది. ఒకసారి రాలేదు. రెండోసారి రాలేదు. మూడోసారికి రవ్వ పడింది. మంట వేసి అత్తని దగ్గరికి జరుపుకుంది. కొండకీ, మంటకీ, మావుళ్ళయ్య తాతకీ, తనకి తెలిసిన దేవుళ్ళందరికీ మనసులో దణ్ణాలు పెట్టుకుంది.

అత్తకి ఒళ్ళు వెచ్చబడింది. అటూ ఇటూ చూసింది.

“నా కొడవలి ఏదే?” అంది.

“పోయింది కదత్తా.”

“పోయిందా! మా నాన్న కొడవలే అది! ఎవరైనా పారే నీళ్ళ మీద కొడవలి పెడతారటే?”

“కింద పెట్టమని నేర్పిందెవరు? నువ్వు కాదూ? చెయ్యి చాపకుండా ఆగిందెవరు? నువ్వు కాదూ?”

నూకాలు నోరు మూసుకుంది, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పద్నాలుగేళ్ళలో ఆ ఇంట్లో అదే మొదటి పోట్లాట.

“వచ్చేసిందే” అంది అత్త, మొహం పాలిపోయి. “చేతికిచ్చుకున్నాం, వచ్చేసింది.”

ఇద్దరూ గొల్లుమన్నారు. అలా ఏడుస్తూనే, తడిచీరలతోనే, తిన్నగా కొలిమి దగ్గరికెళ్ళారు. జరిగిందంతా చెప్పారు. “ఇప్పుడేం చెయ్యాలి తాతా?” అని అడిగింది నూకాలు.

మావుళ్ళయ్య తాత తిత్తి ఊదడం ఆపి పకపకా నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా అన్నాడు. “చేతికిచ్చారుగా, పోట్లాట రావాల్సిందే. అయితే అంతా ఒక్కరోజే రావాలని ఎవరన్నారు? రోజుకి కాస్త చొప్పున వాడేసుకోండి. పెద్దది ఇంకెక్కడ మిగులుద్ది?”

అప్పాయమ్మ తల వంచుకుంది. “మరి ఆ రోజు నా మరదలితో...”

“ఆ రోజు నువ్వు పోట్లాడ్డం తప్పు కాదమ్మా. మర్నాడు ఇంకాస్త పోట్లాడ్డానికి వాళ్ళింటికి వెళ్ళాల్సింది. వెళ్ళుంటే సరిపోయేది.”

అప్పాయమ్మ ఆ కొలిమి ముందే కూలబడి, ఇన్నేళ్ళుగా ఏడవని ఏడుపంతా ఏడ్చింది. నూకాలు పక్కన కూర్చుంది. తాత ఇనుము కొట్టకుండా ఆగాడు. మర్నాడు నూకాలు దొప్పెడు తేనె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

అప్పట్నించీ ఆ ఇంట్లో రోజుకో పోట్లాట. “ఇది అన్నమా, బొగ్గులా?” అని అత్త. “ఇది పులుసా, సముద్రమా?” అని మేనకోడలు. కోడి గుడ్డు ఎక్కడ పెట్టిందని ఒకరోజు, ఈగ ఎవరి మీద వాలిందని ఒకరోజు. ఏదీ దొరక్కపోతే కొడవలి ఉండనే ఉంది. పోట్లాట అయిపోయాక ఒకే కంచంలో తినేవాళ్ళు. అన్నం మాడటం తగ్గింది, పులుసులో ఉప్పు కుదిరింది. ఇద్దరికీ గుబులు పోయింది, కంటినిండా నిద్ర పట్టేది.

నూకాలుకి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. మొగుడు మంచివాడు. ఇద్దరు ఆడవాళ్ళూ అరుచుకుంటోంటే అరుగు మీద కూర్చుని తాటాకు చీల్చుకునేవాడు. అత్త ఆ ఇంట్లోనే ఉంది. పోట్లాటా ఆ ఇంట్లోనే ఉంది. చాకు నూకాలు నడుమునే ఉంది. సానపట్టీ పట్టీ కాస్త సన్నబడింది, అంతే.

అలా ఏళ్ళు గడిచాయి. అప్పాయమ్మ బాగా ముసల్దయిపోయింది. ఒకరోజు పొద్దున నూకాలు గంజి కావాలనే కాస్త అడుగంటించింది, అత్త పోట్లాడతుందని. అత్త ఒక గుక్క తాగింది.

“కమ్మగా ఉందే” అంది.

నూకాలు గబుక్కున పక్కన కూర్చుంది. “ఏంటత్తా, ఇవాళ పోట్లాడవా?”

“అయిపోయిందే. అంతా వాడేశాం. ఇంక చుక్క లేదు.” బోసినోటితో నవ్వింది ముసల్ది. “ఆ చాకు ఇలా తే.”

నూకాలు చాకు తీసి, అలవాటు కొద్దీ అత్త పక్కన కింద పెట్టింది. అత్త దాన్ని తీసుకుంది. వెన్ను తను పట్టుకుని, పిడి నూకాలు వైపు తిప్పింది.

“చేతికే తీసుకో. ఆనాడు నువ్విచ్చావు, ఇవాళ నేనిస్తున్నాను. ఇంక ఏమీ రాదు. నీ పుణ్యమాని ఇన్నేళ్ళు పోట్లాడానే. మీ అమ్మతో పోట్లాడకుండా మిగిలిపోయినవి కూడా నీతోనే పోట్లాడేశాను. నా కడుపు నిండింది.”

నూకాలు రెండు చేతులా తీసుకుంది. చాకునీ, అత్త చేతినీ కలిపి కళ్ళకద్దుకుంది. అలా చాలాసేపు పట్టుకునే ఉంది.

ఇప్పుడా చాకు ఎక్కడుందంటావా? పొద్దున నీకు జామకాయ కోసిపెట్టిందేంటి మరి? ఆ నల్లదే. నూకాలు మా అమ్మే, బంగారం. నేను నీ అంత ఉన్నప్పుడు ఆ ఇంట్లో రోజూ పోట్లాట విని విని, అది వినపడకపోతే నాకు నిద్దరొచ్చేది కాదు.

ఇందాక పాల దగ్గర నువ్వూ నేనూ పోట్లాడుకున్నాం చూడు, అది ఇవాళ్టిది. అయిపోయింది. మీగడ తీసెయ్యమని నువ్వు, తీయనని నేను. రేపు మళ్ళీ రా, రేపటిది మిగిలే ఉంది. నువ్వు పోట్లాడ్డానికి ఉన్నావు, నేను పోట్లాడ్డానికి ఉన్నాను. ఇంతకంటే నాకేం కావాలి తల్లీ! ఇటు తిరుగు, చెయ్యి వేస్తాను.

వాగు గోదారికి, అత్త ఒడ్డుకి,
చాకు ఒరకి, కథ కంచికి,
పోట్లాట రేపటికి, మనం నిద్దరకి.